దేవుడి టిన్నుకి సంజాయిషీ

పోయిన వారం పరీక్ష పేపర్లు దిద్దుతూ కూర్చున్నాను. విశాఖపట్నంలో డిగ్రీ పిల్లలకి ఫ్రెంచి చెప్పడం నా ఉద్యోగం. అయిదో ప్రశ్న దాదాపు ఏటా ఉండేదే. సరుకు విషయంలో జరిగిన పొరపాటుకి కారణం చెబుతూ ఒక కంపెనీ తరఫున మర్యాదగా ఉత్తరం రాయాలి. పిల్లలు చాలామంది నేరాన్ని వాన మీదకో, రైళ్ల మీదకో, సమ్మె మీదకో నెట్టేశారు. ఒక్కమ్మాయి మాత్రం మా దగ్గర పనిచేసే ఒక స్త్రీ అజాగ్రత్త వల్ల ఇలా జరిగిందని రాసి, ఆ స్త్రీని వెంటనే పనిలోంచి తీసేశామని కూడా చక్కటి ఫ్రెంచిలో జోడించింది. వెతికినా తప్పు కనబడలేదు. పదికి పది వెయ్యాలి. నేను ఏడు వేశాను. ఎందుకు తగ్గించారని ఆ అమ్మాయి వచ్చి అడిగితే చెప్పడానికి నా దగ్గర జవాబుంది గాని, అది క్లాసులో చెప్పే జవాబు కాదు. దానికోసం పలాస దాకా వెళ్లాలి, పాతికేళ్లు వెనక్కి కూడా వెళ్లాలి.

మాది ఉద్దానంలో కొబ్బరితోటల మధ్య ఉన్న ఊరు. పలాస నుంచి సోంపేట వెళ్లే దారిలో దిగి, సముద్రం వైపు రెండు మైళ్లు ఆటోలో ఒక పక్కకి వేలాడితే వస్తుంది. నేను పగబట్టిన మనిషి మా నాన్నకి వరసకి బావ, అంటే నాకు మావ. పలాసలో ఆయనకి జీడిపప్పు ఫ్యాక్టరీ ఉండేది. మా ఊరి ఆడవాళ్లలో సగం మంది పొద్దున్నే అన్నం కేరేజీలు పట్టుకుని అక్కడికే వెళ్లేవాళ్లు. ఆయన గురించి చెప్పడానికి మంచి మాటలు రెండున్నాయి. ముందవి చెప్పేస్తే నా బాధ్యత తీరిపోతుంది. ఇంటికి వచ్చిన మనిషిని భోజనం పెట్టకుండా పంపేవాడు కాదు. స్కూటరు మీద వెళ్తూ తెలిసినవాళ్లు నడుస్తూ కనబడితే ఆపి ఎక్కించుకునేవాడు. ఆ స్కూటరు వెనక నేనూ చాలాసార్లు ఎక్కాను. ఎక్కినందుకు ఇప్పటికీ నా మీద నాకు చిరాకే.

మా పెద్దమ్మ, అంటే మా అమ్మకి అక్క, ఆ ఫ్యాక్టరీలోనే పనిచేసేది. ఆవిడకి ఇరవై రెండేళ్లప్పుడే భర్త పోయాడు. పిల్లల్లేరు. మా పక్కింట్లో ఒక్కతీ ఉండేది. మొదట పిక్కలు కొట్టే పనిలో చేరింది. జీడిపిక్క పగిలితే వచ్చే నూనె చర్మాన్ని కాల్చేస్తుంది, చేతులకి బూడిద పూసుకున్నా ఆగదు. అందుకని ఆవిడ వేళ్ల చివర్లు ఎప్పుడూ నల్లగానే ఉండేవి. తర్వాత, చూపు బాగుందని గ్రేడింగు బల్ల దగ్గర కూర్చోబెట్టారు. విరగని గుండు పప్పు, అంటే గుళ్లు, ఒకవైపు, రెండుగా చీలిన బద్దలు ఒకవైపు, ముక్క ఒకవైపు, మచ్చ ఉన్న పప్పు ఇంకోవైపు. ఆవిడ చెయ్యి పప్పు మీద అలా తిరుగుతుంటే చూసేవాళ్లకి కునుకు పట్టేది. ఆ పని ఆవిడకి ఎంత ఒంటబట్టిందంటే ఇంటికొచ్చాక కూడా లోకాన్ని అలాగే ఏరేది. వంకాయలు, చింతపండు, ఊళ్లోకి వచ్చే కొత్త అల్లుళ్లు, ఎవరూ ఆ చూపు తప్పించుకోలేదు. మా అక్కని చూసుకోవడానికి టెక్కలి నుంచి ఒక సంబంధం వాళ్లు వస్తే, పెళ్లికొడుకు కాఫీ తాగి వెళ్లిన తర్వాత, "సూడ్డానికి గుండే గాని, లోపల బద్దేనే" అని తేల్చేసింది. ఆ సంబంధం కుదరలేదు. ఆ కుర్రాడి గురించి తర్వాత విన్నవాటిని బట్టి చూస్తే పెద్దమ్మ గ్రేడింగు సరైనదే.

ఇక్కడ దేవుడి టిన్ను గురించి చెప్పాలి. ఉగాది దాటాక కొత్త పిక్కల పప్పు తయారవుతుంది. ఆ సీజనులో మొట్టమొదట నిండిన టిన్నుని మావ ఇంట్లో దేవుడి టిన్ను అనేవాళ్లు. అత్త, అంటే మావ భార్య, తొమ్మిది పోగులు పేనిన పసుపు దారాన్ని ఒక పసుపుకొమ్ముకి కట్టి, కుంకుమ అద్ది, పప్పు మధ్యలో ఉంచి మూత వేయించేది. మిగతా టిన్నుల్లాగే దానికీ సీలు వేసి, ఆఫీసు గదిలో దేవుడి పటాల కింద సీజను అయ్యేదాకా ఉంచేవాళ్లు. చివర్లో అత్తే దాన్ని తెరిచి, కొమ్ము తీసి దాచుకుని, పప్పు పనివాళ్లందరికీ ప్రసాదంగా పంచేది. టిన్ను సంగతి అందరికీ తెలుసు. లోపల కొమ్ము ఉంటుందని మాత్రం ఇంట్లోవాళ్లకి తప్ప తెలియదు. బయటికి చెబితే ఫలం పోతుందని అత్త నమ్మకం. నాకు తెలుసు, ఎందుకంటే చిన్నప్పుడు ఒక వేసవి సెలవులకి వాళ్లింట్లో ఉన్నప్పుడు ఆ దారం నేనే పేనాను. ఎవరికీ చెప్పనని నాచేత ఒట్టు వేయించుకుని అత్త నా చేతిలో బెల్లం ముక్క పెట్టింది. ఇంకొక సంగతి కూడా ఉంది. దేవుడి టిన్నులోకి ఒక్క మచ్చ పప్పు కూడా పోకూడదని, ప్రతి ఏడూ మా పెద్దమ్మ ఏరిన గుళ్లే అడిగి మరీ తెప్పించుకునేది అత్త. ఫ్యాక్టరీ పద్ధతి ప్రకారం ప్రతి టిన్నులోనూ ఏరిన మనిషి నంబరు వేసిన చీటీ ఉంటుంది. పెద్దమ్మది పదిహేడు.

తొంభైల చివర్లో ఒక సీజనుకి మావ పప్పు ఒక ఏజెంటు ద్వారా ఫ్రాన్సుకి వెళ్లింది. లారీ లోడవుతుంటే ఒక్క టిన్ను తగ్గింది. అత్త అప్పుడు సోంపేటలో పుట్టింట్లో ఉంది. మావ ఆఫీసు గదిలోకి ఒకసారి చూసి, "అదీ పప్పే గదేటి, ఎక్కించీండి" అన్నాడట. తిరిగొచ్చిన అత్త లబలబలాడితే ఇంకో టిన్ను పెట్టుకోమన్నాడట. ఇది చాలా ఏళ్ల తర్వాత అత్త నోటితోనే విన్నాను. వ్యాపారంలో తప్పులు చేసేవాళ్లు అన్ని ఊళ్లలోనూ ఉంటారు గాని, దేవుడి ముందు పెట్టినదాన్ని పప్పే కదా అని సముద్రాలు దాటించిన ఘనత మాత్రం మా మావదే.

మూడు నెలలకి ఉత్తరం వచ్చింది. నేనప్పుడు టెక్కలిలో ఇంటరు చదువుతున్నాను, సెలవులని ఇంటికొచ్చాను. ఆ రోజు పెద్దమ్మ అన్నం కేరేజీ మరిచిపోయి వెళ్లిపోతే, ఇచ్చి వద్దామని నేను పలాస బయల్దేరాను. గ్రేడింగు షెడ్డు గుమ్మంలోకి వచ్చేసరికి మధ్యాహ్నమైంది. లోపల, గుమ్మానికి రెండడుగుల దూరంలో, మావ నిలబడి ఉన్నాడు. ఒక చేతిలో ఫ్రెంచిలో టైపు చేసిన కాగితం, ఇంకో చేతిలో రంగుల ఫోటో. ఫోటోలో తెరిచిన టిన్ను, పప్పు మీద దారం కట్టిన పసుపుకొమ్ము, పక్కనే చీటీ.

"సూడండి, దేశం గాని దేశం నుంచి ఉత్తరమొచ్చింది," అన్నాడు. "పనోల్లలోనే ఎవులో సేసినారని ఇందల రాసుంది. పదేడో నంబరు ఎవులిది?"

పెద్దమ్మ లేచి నిలబడింది. "నాదే బావూ. గుళ్లు నానే ఏరినాను. కొమ్ము మాత్రం నానెయ్యనేదు."

"బొట్టు నేనిదానివి, నీకు పసుపుకొమ్ముతో పనేటి?"

పెద్దమ్మ పక్క బల్ల దగ్గర కూర్చునే ఆవిడ మా ఊరి మనిషే, మా వీధే. నాకు పిన్ని వరస. ఆవిడ తల ఎత్తకుండా, "ఇది సిల్లంగే" అంది. మా వైపు చేతబడిని చిల్లంగి అంటారు. షెడ్డులో ఎనభై మంది ఆడవాళ్ల చేతులు ఒక్కసారి ఆగిపోయాయి. పెద్దమ్మ తల తిప్పితే గుమ్మంలో నేను కనబడ్డాను. చిన్నపిల్ల ముందు ఈ మాట పడ్డానే అన్నట్టు తల దించుకుంది. ఆ ఫోటో చూడగానే నాకు అంతా తెలిసిపోయింది. కొమ్ముకి దారం చుట్టిన తీరు అత్తదే. నేను కేరేజీ పట్టుకుని అలాగే నిలబడ్డాను.

ఇంటికొచ్చి నాన్నకి చెప్పాను. నాన్న కొబ్బరికాయలు వలుస్తున్నాడు. చెయ్యి ఆపకుండానే, "ఆల్లింటి సంగతి మనకేల. సగం ఊరు ఆడి ఫేట్రీ మీదే బతకతన్నాది. నోరు మూసుకో" అన్నాడు. నేను మూసుకున్నాను. పెద్దమ్మని మర్నాటి నుంచి పనిలోకి రావద్దన్నారు. పలాసలో మిగతా ఫ్యాక్టరీలకి వెళ్తే, ఆవిడ ఎవరో తెలియగానే చోటు లేదన్నారు. అది చిన్న కష్టమే. పెద్దది ఊళ్లో మొదలైంది. ఆ రోజుల్లోనే మా ఉద్దానంలో కాళ్లు వాచి, మొహాలు ఉబ్బి, విశాఖ ఆసుపత్రికి వెళ్లి కిడ్నీలు పాడయ్యాయని చెప్పించుకుని తిరిగొచ్చేవాళ్లు ఎక్కువయ్యారు. కొందరు నీళ్లన్నారు, కొందరు మందులన్నారు, కొందరు ఎండలో చాకిరీ అన్నారు. ఇదీ కారణం అని గట్టిగా చెప్పినవాళ్లు లేరు. కారణం దొరకనప్పుడు మనిషి దొరికితే జనానికి ఎంత తెరిపిగా ఉంటుందో నేను కళ్లారా చూశాను. ఏ ఇంట్లో ఎవరికి కాళ్లు వాచినా కళ్లు పెద్దమ్మ ఇంటి వైపు తిరిగేవి. ఆవిడ వస్తుంటే పసిపిల్లల్ని చాటుకి లాక్కునేవాళ్లు. పెళ్లి పిలుపులు ఆగిపోయాయి. ఆవిడ చేతి నీళ్లు ఎవరూ ముట్టేవాళ్లు కాదు. పెద్దమ్మ మా తోటలో కొబ్బరి పీచు తీస్తూ కాలక్షేపం చేసేది. ఎవర్నీ తిట్టేది కాదు. అప్పుడప్పుడు మాత్రం నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, "ఆ ఉత్తరంలో నిజంగా నా మీదే రాసుందేటే?" అని అడిగేది.

అందుకే నేను ఫ్రెంచి నేర్చుకున్నాను. ఎవరైనా అడిగితే భాష మీద ప్రేమ అని చెబుతుంటాను. ప్రేమా లేదు, ఏమీ లేదు. విశాఖలో డిగ్రీలో చేరినప్పుడు రెండో భాష కింద ఫ్రెంచి ఉందని నోటీసు బోర్డు మీద చూశాను. మిగతా పిల్లలు మార్కులు బాగా వస్తాయని తీసుకున్నారు. నేను ఒక్క ఉత్తరం చదవడానికి తీసుకున్నాను. ఆ ఉత్తరం మావ ఫైల్లో ఉంది, ఎప్పటికైనా నా చేతికి వస్తుంది, వచ్చిన రోజున ఆయన్ని ఎక్కడ నిలబెట్టాలో నాకు తెలుసు. ఫ్రెంచి అక్షరాలు పలకడం రాకముందే మావని ఏమనాలో నా మనసులో ఖాయమైపోయింది.

మాకు పాఠం చెప్పిన మేడంది యానాం. నేత చీర కట్టుకుని, ఎండ లేని రోజు కూడా గొడుగుతో వచ్చేది. కారణం చెప్పే పాఠమంటే ఆవిడకి మహా ఇష్టం. "పార్స్ క, పార్స్ క, ఎందుకంటే ఎందుకంటే అని చిన్నపిల్లలు అంటారమ్మా," అనేది. "పెద్దమనుషులకి ఉత్తరం రాసేటప్పుడు ముందు కారణాన్ని తీసుకొచ్చి కుర్చీలో కూర్చోబెట్టాలి. ఆ తర్వాతే జరిగిన సంగతిని లోపలికి పిలవాలి." ఆఁ రెజోఁ ద అంటే ఫలానా కారణం చేత. ఎతాఁ దొనే క అంటే ఫలానా సంగతి ఎలాగూ ఉంది కనక. గ్రాస్ ఆ అంటే ఫలానావారి పుణ్యమా అని. ఫోత్ ద అంటే ఫలానాది లేకపోవడం వల్ల. సూ ప్రెతెక్స్త్ క అంటే ఫలానా వంక పెట్టి. ప్రతిదానికీ ఒక వాక్యం రాసుకు రమ్మనేది. అందరూ వాన గురించీ జ్వరం గురించీ రాసుకొచ్చేవాళ్లు. నా నోటుబుక్కు నిండా ఒక ఫ్యాక్టరీ యజమానే ఉండేవాడు. చిల్లంగి వంక పెట్టి ఆయన ఒక స్త్రీని వెళ్లగొట్టాడు. ధైర్యం లేకపోవడం వల్ల తన తప్పు ఒప్పుకోలేదు. ఆయన పుణ్యమా అని ఆవిడ గుమ్మం ఎవరూ తొక్కడం లేదు. మేడం దిద్దిన పుస్తకం తిరిగిస్తూ, "ఎవరమ్మా ఈ యజమాని, వాక్యం వాక్యానికీ దిగజారిపోతున్నాడు" అంది. మా మావ అని చెప్పాను. ఆవిడ కళ్లజోడు సర్దుకుని, వ్యాకరణం మాత్రం బాగా కుదిరిందంది.

ఆ ఉత్తరం వచ్చి ఏడేళ్లు గడిచాయి. చదువు పూర్తయి నాకు ఉద్యోగం వచ్చింది. సర్టిఫికెట్లు ఫ్రెంచిలోకి మార్చి ముద్ర వేసి ఇచ్చే పని కూడా చేస్తుండేదాన్ని. అప్పుడు మావ ఫోన్ చేశాడు. "నీకు ప్రెంచి వొచ్చంట గదే. ఓపాలి పలాసకి రావాల" అన్నాడు. ఆ పాత కంపెనీకే ఈసారి ఏజెంటు లేకుండా తనే పప్పు పంపుదామని చూస్తే, వాళ్ల నుంచి ఏదో ఉత్తరం వచ్చిందట. నేను మర్నాడే రైలెక్కాను. పలాస స్టేషనులో దిగగానే కాలుతున్న జీడిపిక్క తొక్క వాసన ముక్కులోకి కొట్టింది. మావ నాకోసం కారు పంపాడు. నేను ఆటోలో వెళ్లాను.

ఆఫీసు గదిలో ఫైలు నా ముందు పెట్టారు. పాత ఉత్తరం ముందు చదివాను. ఏడేళ్లు నేను మోసుకు తిరిగిన ఉత్తరం గట్టిగా ఒక పేజీ కూడా లేదు. ఒక టిన్నులో దారం కట్టిన వేరు ఒకటి కనబడింది, ఎవరినీ తప్పు పట్టే ఉద్దేశం మాకు లేదు, అది అందులోకి రావడానికి కారణం మాత్రం దయచేసి తెలియజేయండి. అంతే. పనివాళ్ల ఊసే లేదు. దాని వెనక, అదే అడుగుతూ రాసిన ఉత్తరాలు ఇంకో రెండున్నాయి. మావ వేటికీ జవాబు ఇవ్వలేదు. కొత్తగా వచ్చినదాంట్లో ఏముందంటే, మీరు అప్పుడు కారణం చెప్పకపోవడం చేతనే మీ దగ్గర కొనడం మానుకున్నాం, మళ్లీ కొనాలంటే ముందు అది రాతమూలకంగా తెలియజేయండి అని. నాకు మొదట నవ్వొచ్చింది. తర్వాత ఒళ్లు మండిపోయింది. పెద్దమ్మ ఏడేళ్లుగా ఎవరి ముందు దోషిగా ఉన్నాననుకుంటోందో, ఆ మనుషులకి ఆవిడ మీద అనుమానమే లేదు. అన్నీ తెలుగులో మావకి చదివి వినిపించాను. ఆయన పేపరు వెయిటు అటూ ఇటూ తిప్పాడు.

"పనిమనిసెవులో సేసింది, తీసీసినాం, అనీసి రాసీ," అన్నాడు.

"అలాగే రాత్తాను మావా. అయితే ఆలేటి అడుగుతారో ముందే ఇనండి. సీలేసిన టిన్నులో పనిమనిసి ఒకటి ఎయ్యగలిగితే, రేపు ఇంకేటెయ్యదని అంతారు. సూడ్డానికి మనిసిని పంపుతారు. ఆ మనిసి షెడ్డులో ఒక్కొక్కరినీ అడుగుతాడు."

మావ ఫ్యాను వైపు చూశాడు. "మరేటి రాద్దారంతావు?"

"జరిగిందే రాద్దారి. ఇంటి ఆచారం లాంటిదేదైనా ఉంటే ఆలు కోప్పడరు. ముచ్చటపడతారు."

కొమ్ము మాట నేను ఎత్తలేదు. అది ఆ ఇంట్లోంచే రావాలని కూర్చున్నాను. ఆఫీసు వెనకే ఉన్న ఇంట్లోంచి కాఫీ తెచ్చిన అత్త గుమ్మం దాటి వెళ్లకుండా అక్కడే నిలబడిపోయింది. "దేవుడి టిన్నేనే అది," అంది. "నాను పెట్టిన కొమ్మే. నాను సోంపేట నుంచి వొచ్చీసరికి ఈయన లారీ ఎక్కించీసినాడు. నోరిప్పితే సంపుతానన్నాడు." మావ నువ్వు లోపలికి పో అన్నాడు గాని, గొంతులో పస లేదు. అప్పటికే ఆయన మనసు ఫ్రాన్సు మీద ఉంది. ముచ్చటపడతారన్న మాట బాగా పనిచేసింది.

తెలుగులో సంతకమూ సీలూ ఉన్న మూల ప్రతి లేకపోతే నేను ముద్ర వేసి ఇవ్వలేనన్నాను. అది అబద్ధం కాదు, పెళ్లి సర్టిఫికెటుకైనా మార్కుల జాబితాకైనా నా పద్ధతి అదే. ఆయన చెబుతుంటే మంచి తెలుగులో పెట్టాను. మా ఇంటి ఆచారం ప్రకారం సీజనులో మొదటి టిన్నులో నా భార్య పసుపుకొమ్ము ఉంచుతుంది. ఆ టిన్నును నా ఆదేశం మేరకే లారీకి ఎక్కించడమైనది. ఇందులో పదిహేడో నంబరు గల కార్మికురాలికి గాని, మరే ఇతర పనివారికి గాని ఎట్టి సంబంధమూ లేదు. చివరి వాక్యం దగ్గర మావ పెన్ను ఆగింది. "ఈ మాట ఏల?" అన్నాడు. ఆ చీటీ ఫోటోలో ఉంది కదా మావా, దాని గురించి ఆలు అడక్క మానరు అన్నాను. సంతకం పెట్టి, గుండ్రటి సీలు కొట్టాడు. రెండు ప్రతులు తీసుకున్నాను. ఫ్రెంచిలో ఆ ఉత్తరం నేను రాసినవాటిలోకెల్లా మంచిది. కారణాన్ని ముందుగా కుర్చీలో కూర్చోబెట్టాను, ఆచారాన్ని పక్కన నిలబెట్టాను, క్షమాపణని చివర వంగి దణ్ణం పెట్టించాను.

నెల తిరక్కుండా ఆర్డరు వచ్చింది. మావకి లాభం చేసిపెట్టి ఇదేం పగ అని మీరనుకోవచ్చు. ఆర్డరు రావాలనే నేను మొక్కుకున్నాను. ఆ ఆర్డరు ఉన్నంతకాలం ఆ కాగితం ఆయనకి నిజం కాక తప్పదు. కాదని నోరు జారాడా, ఫ్రాన్సుకి ఇంకో ఉత్తరం రాయడం నాకు అరగంట పని.

ఆ ఉగాది దాటాక, దేవుడి టిన్ను పెట్టే రోజున, చుట్టం లాగే పట్టుచీర కట్టుకుని ఫ్యాక్టరీకి వెళ్లాను. సంచిలో ఆ తెలుగు కాగితానికి జిరాక్సులు ఎనభై ఉన్నాయి. పూజకి అందరూ షెడ్డులో చేరారు. బల్ల బల్లకీ ఒక్కో కాగితం పెట్టుకుంటూ వెళ్లాను. పెద్దమ్మ పక్క బల్ల ఆవిడ దగ్గరికి వచ్చి, "పిన్నీ, నువ్వు సదువుకున్నదానివి గదా, అందరికీ ఇనబడేలా సదువు" అన్నాను. ఆవిడ కూడబలుక్కుంటూ మొదలుపెట్టింది. పసుపుకొమ్ము దగ్గర గొంతు సన్నబడింది. పదిహేడో నంబరు దగ్గర ఆగిపోయింది. మళ్లీ చదవమన్నాను. చదివింది. వెనక బల్లల వాళ్లకి వినబడలేదని ఇంకోసారి చదివించాను. వినబడిందని నాకు తెలుసు.

మావ ఆఫీసు గదిలోంచి వచ్చాడు. "ఏటే ఇది?"

"మీ సంతకమే మావా. ప్రెంచోడికి సెప్పిన కారణం ఈలకి సెప్పకూడదేటి?"

ఆయన చుట్టూ చూశాడు. ఒక్కరి చెయ్యీ పప్పు మీద లేదు, ఎనభై మంది కళ్లూ ఆయన మీదే ఉన్నాయి. చిల్లంగి అన్న మాట పుట్టిన చోటే ఆయన ఒక బల్ల మీది కాగితం తీసి తన సంతకం చూసుకున్నాడు. అక్కడున్న స్టూలు మీద కూలబడి, మంచినీళ్లు అడిగితే తేవడానికి ఎవరూ లేవలేదు. సిగ్గు లేకుండా చెబుతున్నాను, నాకు చాలా బాగుంది. ఇప్పటికీ మనసు బాగోకపోతే ఆ దృశ్యాన్ని తీసి చూసుకుంటాను. ఆ తర్వాత ఆయన మా గడప తొక్కలేదు, నాన్న కొన్నాళ్లు నాతో మాట్లాడలేదు. రెండూ నాకు బహుమానాలు లాగే అనిపించాయి.

ఆ ఆదివారం పొద్దున్న, ఎనిమిది మంది ఆడవాళ్లు పెద్దమ్మ ఇంటికి వచ్చారు. ముందు నడిచింది పిన్నే. నేను వసారాలో చేతులు కట్టుకుని నిలబడ్డాను, తీర్పు చెప్పిన జడ్జీలాగ. పెద్దమ్మ తీస్తున్న కొబ్బరి పీచు పక్కన పెట్టి, లోపలికి వెళ్లి స్టీలు గ్లాసుల్లో నీళ్లు తెచ్చింది. అడగకుండానే అందరూ తీసుకుని గటగటా తాగారు. పిన్ని కళ్లొత్తుకుంటూ, "తప్పయిపోనాది అప్పా" అంది. పెద్దమ్మ వాళ్ల మొహాలు ఒక్కొక్కటే చూసింది, బల్ల మీద పప్పు చూసినట్టే. "పదేల్లు పక్కపక్కన కూకున్నాం. ఎందుకు నమ్మినారే?" అని అడిగింది. ఒకావిడ ఖాళీ గ్లాసు కింద పెడుతూ, అందరూ అన్నారని, అంది. పెద్దమ్మ తల ఊపింది. వాళ్లు వెళ్లిపోయారు.

ఆవిడ గ్లాసులన్నీ కడిగి బోర్లించింది. నేను ఆవిడ నన్ను దగ్గరికి తీసుకుంటుందని, కనీసం నా చదువు గురించి ఒక మంచి మాట అంటుందని చూస్తున్నాను. ఆవిడ మళ్లీ పీచు ముందేసుకుని కూర్చుంది. పీచు తీస్తూనే, "సిన్నప్పుడు సెలవులకి ఆలింట్లోనే కదే ఉండీదానివి" అంది.

"ఊఁ."

"టిన్నులో కొమ్మెడతారని నీకు ఎరికేనా?"

"ఎరికే."

"ఆ దినం గుమ్మంలోనే ఉన్నావు గదా. ఎందుకు సెప్పనేదే?"

కోపంగా అడగలేదు. వాళ్లని అడిగినట్టే, తెలుసుకుందామని అడిగింది. నాకు భయమేసిందని చెప్పొచ్చు, అప్పటికి చిన్నపిల్లనని చెప్పొచ్చు, అత్తకి ఒట్టు వేశానని చెప్పొచ్చు, నాన్న వద్దన్నాడని చెప్పొచ్చు. అన్నీ నిజాలే. ఒక్కటీ నోట్లోంచి రాలేదు. ఎందుకంటే ఆ భయాన్నే ఏడేళ్లుగా పగ అనుకుంటూ తిరిగానని, ఆవిడ అడిగిన ఆ క్షణంలోనే నాకు మొదటిసారి తెలిసింది. పెద్దమ్మ ఒళ్లో పడిన పీచు దులుపుకుని, పొద్దెక్కింది, అన్నం తిందువు రా అని లేచింది. మళ్లీ ఎప్పుడూ ఆ ప్రశ్న అడగలేదు. ఇప్పుడు ఆవిడా లేదు, మావా లేడు. మావ మీద నా కసి మాత్రం ఇంకా చల్లారలేదు, కాకపోతే దానిలో సగం నా వైపు తిరిగి కూర్చుంది. ఆయన చేత నిజం చెప్పించడానికి నాకు ఏడేళ్లు పట్టింది. అదే నిజం నేను చెప్పడానికి ఆ మధ్యాహ్నం, ఆ గుమ్మంలో, ఒక్క నిమిషం సరిపోయేది.